గాలనుకు సోలెడు నూనె

ఏలూరులో మిషను ఆసుపత్రి పడవకు మోటారు బిగించింది పందొమ్మిది వందల ముప్ఫైలో. దాన్ని నడిపినవాడు ఎలీయాజరు. కొల్లేటి లంకల్లో ఆ కాలం మనుషుల్ని ఎవరిని కదిపినా ఆ మోటారు గురించి గంటసేపు చెబుతారు. ఎలీయాజరు గురించి అడిగితే మాత్రం, “ఆయనా? మంచోడేనండీ,” అని ఊరుకుంటారు. ఒక మనిషి గురించి అంతకు మించి చెప్పడానికి జనానికి ఏమీ లేకపోతే అది ఆ మనిషి తప్పు కాదు, చూసినవాళ్ల తప్పు. నాకు ఆ మాట మీద కోపం వచ్చే ఈ నాలుగు ముక్కలు రాస్తున్నాను.

మోటారు రాకముందు ఆ పడవను నలుగురు గడలతో తోసేవారు. వెదురు గడను నీటి అడుగున బురదలో గుచ్చి, దాని కొసను భుజానికి ఆనించి, పడవ అంచున ముందు నుంచి వెనక్కి నడుస్తూ తొయ్యాలి. వెనక్కి చేరాక గడ పీక్కుని మళ్లీ ముందుకు రావాలి. ఇలా కొల్లేటిలో గుడివాకలంక చేరడానికి ఆరు గంటలు, గాలి ఎదురైతే ఎనిమిది. అన్ని గంటలూ మాటలే. కృపావరం కథలు చెప్పేవాడు, అందులో సగం అబద్ధాలు. విశ్వాసం అందరినీ ఆటపట్టించేవాడు. ప్రభుదాసు పాట అందుకునేవాడు. ఎలీయాజరు మాటకారి కాదు, వినేవాడు. ముగ్గురు మాట్లాడేవాళ్లకు ఒక వినేవాడు దొరకడం మామూలు అదృష్టం కాదు, అందుకని వాళ్లకు అతనంటే ప్రాణం. ప్రభుదాసుకు మరీను. ఇద్దరూ ఒకే పేటలో పుట్టారు, ఒకే పలక మీద అక్షరాలు దిద్దారు, ఒకే ఏడు గడ పట్టారు.

మోటారు చెక్కపెట్టెలో మద్రాసు నుంచి వచ్చింది. పడవ వెనక తగిలించే చిన్న టూస్ట్రోకు ఇంజను, కింద నీళ్లలో తిరిగే రెక్క. ఆసుపత్రి పెద్ద డాక్టరమ్మ తెల్లదొరసాని. ఆవిడ నలుగురినీ గట్టు మీద నిలబెట్టి, “దీనికి ఒక్క మనిషి చాలు. ఇంగ్లీషు అంకెలు ఎవరికి వచ్చు?” అని అడిగింది. ఎలీయాజరు మిషను బడిలో నాలుగు దాకా చదివాడు. ఆలోచించకుండా, “నాకొచ్చు అమ్మగారూ,” అన్నాడు.

అన్నాక పక్కకు చూశాడు. మిగతా ముగ్గురూ అతనివైపు చూడటం లేదు, మోటారు వైపూ చూడటం లేదు. తమ గడల వైపు చూస్తున్నారు. అతను అనకపోతే ఆ మాట ఇంకెవరో అని ఉండేవారు, లేదా బెజవాడ నుంచి ఎవరినో పిలిపించి ఉండేవారు. అదంతా నిజమే. కానీ అన్నది అతను.

మద్రాసు మెకానిక్కు రెండు రోజులుండి పని నేర్పాడు. అతను అన్నిటికంటే గట్టిగా చెప్పింది నూనె సంగతి. కారు ఇంజనులో నూనెకు వేరే చోటుంటుంది, దీనికి ఉండదు. పెట్రోలులోనే నూనె కలిపి పొయ్యాలి. పెట్రోలు మండుతుంటే నూనె లోపలి ఇనుముకు పట్టుకుని అరక్కుండా కాపాడుతుంది. గాలను పెట్రోలుకు అరపింటు నూనె. తక్కువైతే ఇనుమూ ఇనుమూ ఒరుసుకుని ఇంజను పట్టేస్తుంది. ఎక్కువైతే పొగ, ప్లగ్గు నిండా మసి. ఎలీయాజరుకు పింటు తెలియదు, సోల తెలుసు. మెకానిక్కు కొలగ్లాసు పక్కన ఇత్తడి సోల పెట్టి చూశాడు. దాదాపు సరిపోయింది. ఆ రోజు నుంచి గాలనుకు నిండు సోలెడు.

ఇక్కడి నుంచి ఆరేళ్లు అతను ఒక్కడే.

ఆ మోటారు మోత ముందు కూర్చున్నవాడికి ఎవరి మాటా వినపడదు. డాక్టరమ్మ, నర్సు పడవ ముందు వైపు కూర్చునేవారు, పొగ తగలకుండా. రోగులు మధ్యలో పడుకునేవారు. అతను వెనక, మోటారు కొయ్య పట్టుకుని, నోరు మూసుకుని. రెండు గంటల్లో గుడివాకలంక చేరేవాడు. దారిలో చిన్న దోనెల మీద చేపలు పట్టుకుంటూ ప్రభుదాసు, విశ్వాసం, కృపావరం కనిపించేవారు. గడ పని పోయాక వాళ్లకు అదే బతుకుతెరువు. పడవ లేపిన అలకు వాళ్ల దోనెలు ఊగిపోయేవి. వాళ్లు వల సర్దుకునేవారు గాని తలెత్తేవారు కాదు. అతను దూరం నుంచే మోటారు తగ్గించేవాడు. అదీ వాళ్లు గమనించినట్టు కనిపించేది కాదు.

ఆదివారం మిషను గుడిలోనూ అంతే. నేల మీద చాపలు పరుచుకుని కూర్చునే గుడి అది. అతని బట్టలకు, వెంట్రుకలకు పెట్రోలు వాసన పట్టేసింది, ఎంత తోమినా పోదు. అతని చుట్టూ మనిషి పట్టేంత జాగా ఎప్పుడూ ఖాళీగానే ఉండేది. మోటారు వచ్చిన మూడో ఏడు భార్య పుష్పమ్మ జ్వరంతో పోయింది. పిల్లలు లేరు. ప్రభుదాసు, విశ్వాసం, కృపావరం ముగ్గురూ వచ్చి పెట్టె మోశారు, మట్టి వేశారు, చేతులు కడుక్కుని వెళ్లిపోయారు. ఒక్క మాటంటే ఒక్క మాట లేదు. పుష్పమ్మ పోయినందుకు ఏడ్చాడో, ఆ ముగ్గురూ అలా వెళ్లిపోయినందుకు ఏడ్చాడో అతనికే తెలియలేదు. గుండె చెరువయ్యేలా మాత్రం ఏడ్చాడు.

పందొమ్మిది వందల ముప్ఫయ్యారు వానాకాలంలో మోటారు నూనె దొరకడం మానేసింది. మద్రాసు నుంచి రావలసిన డబ్బాలు రాలేదు. పెద్దబజారులో పెట్రోలు అమ్మే నాగభూషణరావుకు తెలియని విషయమంటూ లేదు, కనీసం అతని నమ్మకం అది. “దానికేం భాగ్యమండీ ఎలీయాజరు గారూ, ఆముదం పొయ్యండి. మద్రాసులో పందేలకు పోయే మోటార్లన్నిటికీ ఆముదమేనట. మోటారు నూనె దాని ముందు దేనికీ పనికిరాదట,” అన్నాడు. అందులో అబద్ధం లేదు. అయితే విన్నదాంట్లో సగమే చెప్పాడు, మిగతా సగం అతనికీ తెలియదు.

కామవరపుకోట గానుగ నుంచి వచ్చిన చిక్కటి ఆముదం తెచ్చి, అదే సోలతో కొలిచి, ఎలీయాజరు డబ్బాను గట్టిగా ఊపాడు. చక్కగా కలిసింది. మోటారు మునుపటి కంటే మెత్తగా తిరిగింది. పొగకు మాత్రం తలంటు వాసన వచ్చేది. లంకల్లో ఆడవాళ్లు, “ఆసుపత్రి పడవ తలంటు పోసుకుని వస్తోందర్రా!” అని నవ్వేవారు. ఆ నవ్వు తనను చూసి కాదని తెలిసినా అతనికి బాగానే ఉండేది. నాలుగైదు వారాలు డబ్బాలు ఊపి ఊపి చూశాడు. రాత్రి కలిపింది పొద్దుటికీ కలిసే ఉంటోంది. ఊపడం మానేశాడు.

నాగభూషణరావు చెప్పని సగం ఇది. ఆముదం వేడిలోనే పెట్రోలుతో కలిసి ఉంటుంది. చలి తగిలితే విడిపోయి అడుక్కు దిగుతుంది. ఆ డిసెంబరులో గట్టి చలి పడింది. రాత్రంతా గట్టు మీదున్న డబ్బాలో ఆముదం అడుగున పేరుకుంది, పైన ఉత్త పెట్రోలు తేలింది. పొద్దున్నే ఎలీయాజరు ఊపకుండా ఆ పైదాన్నే వంచి మోటారులో పోశాడు. డాక్టరమ్మ మందుల పెట్టెతో ఎక్కింది. నడి కొల్లేటిలో కిక్కిస రెల్లు దాటుతుండగా మోటారు ఒక్కసారి కీచుమని, ఆగిపోయింది. తాడు చుట్టి లాగాడు. చక్రం వెంట్రుకవాసి కూడా కదల్లేదు. పట్టేసింది.

డబ్బా మూత తీసి లోపల కర్ర పెట్టి చూశాడు. అడుగున బెత్తెడు ఆముదం జిగురులా తగిలింది. జరిగింది అర్థమయ్యేసరికి తల కొట్టేసినట్టయింది.

“తప్పు నాదేనమ్మగారూ. ఊపకుండా పోశాను,” అన్నాడు.

డాక్టరమ్మ తిట్టలేదు. ఆవిడకు కోపం వస్తే గడియారం చూసుకుంటుంది, అలాగే చూసుకుంది. అప్పుడు రెల్లు వెనక నుంచి ఒక దోనె వచ్చింది. అందులో ప్రభుదాసు. అతను దొరసానికి దణ్ణం పెట్టి, దోనెను పడవకు కట్టేసి, తన గడ తీసుకుని పడవ అంచుకు ఎక్కాడు. కొంత దూరం ఒక్కడే తోశాడు. పడవ అడుగున, ఎందుకైనా పనికొస్తుందని అట్టిపెట్టిన పాత గడ ఒకటుంది. ఎలీయాజరు దాన్ని లాగి రెండో అంచుకు ఎక్కాడు. పది బారలు పోయేసరికి ఇద్దరి అడుగులూ కలిశాయి. ఇంకో పది బారలు పోయాక ప్రభుదాసు అటు తిరిగే, “ఒరే ఎలియా, గడ అంత లోతుకు దింపకు, బురద పట్టేస్తుంది. మర్చిపోయావా?” అన్నాడు.

ఆరేళ్ల తరవాత మొదటి మాట అది. ఎలీయాజరు గడ పైకి లాగాడు.

మోటారుకు కొత్త సామాను ఇంగ్లీషు సీమ నుంచి ఓడలో మద్రాసు వచ్చి, అక్కడి నుంచి ఏలూరు రావాలి. అంతవరకూ పాత నలుగురినీ పెట్టుకుందామంది డాక్టరమ్మ. అలా డిసెంబరు నడిమి నుంచి ఏడు వారాలు ఆ పడవ మళ్లీ గడల మీద నడిచింది. ఎలీయాజరు జీవితంలో ఏ ఏడు వారాలు మళ్లీ కావాలని అడిగితే అతను పెళ్లినాటివి కూడా అడిగేవాడు కాదు, ఇవే అడిగేవాడు. మొదటి రెండు రోజులకే భుజం మీద చర్మం ఊడొచ్చింది. విశ్వాసం అది చూసి పడీపడీ నవ్వి, “మోటారుకు పొయ్యగా ఆముదం ఏమైనా మిగిలిందా, రాస్తాను!” అంటూ నిజంగానే రాశాడు. క్రిస్మసుకు నలుగురూ లంకలంకకూ పాడుకుంటూ తిరిగారు. గుడిలో అతని పక్క ఖాళీ జాగాలో ప్రభుదాసు వచ్చి కూర్చున్నాడు. వాసన సంగతి ఎవరూ ఎత్తలేదు. పెట్రోలు ముట్టుకోక అది పోయిందేమో, ఉన్నా పట్టించుకోలేదేమో.

జనవరి ఆఖరున ఒక పొద్దున ప్రత్తికోళ్లలంక నుంచి దోనె మీద మనిషి వచ్చాడు. అచ్చమ్మ అనే ఆవిడకు కడుపునొప్పి, మెలికలు తిరుగుతోంది, పడవ పంపమని. చాపలు అల్లే మనిషి, ముప్ఫై ఏళ్లుంటాయి. నలుగురూ బయలుదేరారు. కడుపునొప్పులు లంకల్లో రోజూ ఉండేవే. కృపావరం ఒక దొంగల కథ మొదలుపెట్టాడు, మంచి రసపట్టు. మధ్యలో ఒక దిబ్బ దగ్గర ఆగి చేపలు కాల్చుకుని తిన్నారు. కథ అయ్యేదాకా లేవలేదు. ఎలీయాజరు కళ్ల నీళ్లు వచ్చేలా నవ్వాడు.

లంక చేరేసరికి అచ్చమ్మ అరవడం మానేసి ఉంది. మొహం పాలిపోయి, పొట్ట బిర్రబిగిసిపోయింది. భర్త దేవదానం ఆవిణ్ని ఎత్తుకొచ్చి పడవలో పడుకోబెట్టి తల ఒళ్లో పెట్టుకున్నాడు. అప్పుడు వాళ్లు నోరెత్తకుండా తోశారు. గడలు వంగిపోయేలా తోశారు. ఎదురుగాలి. సాయంత్రం ఏలూరు కాలవలోకి మలుపు తిరిగి, ఆసుపత్రి పెంకులు కనిపిస్తుండగా అచ్చమ్మ ప్రాణం పోయింది.

డాక్టరమ్మ చూసి, పేగు మెలిపడిందనీ, మధ్యాహ్నానికి తెచ్చుంటే కోసి చూసేదాన్ననీ చెప్పింది. ఆవిడ ఎవరినీ ఏమీ అనలేదు. దేవదానం గట్టు మీద నలుగురి వైపూ చూసి, “మోటారుంటే బతికేదాండీ?” అని అడిగాడు. నిందగా కాదు, తెలుసుకుందామని అడిగినట్టు అడిగాడు. ముగ్గురు తల దించుకున్నారు. ఎలీయాజరు మనసులో లెక్క వేశాడు. పోను గంటన్నర, రాను గంటన్నర. మధ్యాహ్నం కాకముందే ఆపరేషను బల్ల మీద ఉండేది. చేపలు కాల్చుకున్న మంట కళ్ల ముందు కనిపించింది.

“ఏమోనండీ, బతికేదేమోనండీ,” అన్నాడు.

ఫిబ్రవరి మొదటి వారంలో రైల్లో పార్సెలు దిగింది. కొత్త సిలిండరు, పిస్టను, రెండు డబ్బాల మోటారు నూనె కూడా. బిగించడం తెలిసినవాడు ఎలీయాజరు ఒక్కడే. పడవలో కూర్చుని ఒక పూటంతా బిగించాడు. ప్రభుదాసు వచ్చి పక్కన గట్టు మీద గొంతుక్కూర్చున్నాడు.

“ఒరే ఎలియా. అది నూనె లేకపోతే చస్తుంది కదా?”

“చస్తుంది.”

“ఒకసారి చచ్చింది. డాక్టరమ్మ ఏమీ అనలేదు. రెండోసారి చస్తే ఇంక తెప్పించరు, విసిగిపోతారు.” గొంతు తగ్గించాడు. “నిన్ను ఇంకేం అడగనురా. ఒక్కరోజు మర్చిపో. నాకు పిల్లలు నలుగురు. కొల్లేట్లో చేపలు ఎట్టా ఉన్నాయో నీకు తెలుసు. నాకోసం వద్దు, నువ్వు మాత్రం ఎట్టా ఉన్నావు ఇన్నాళ్లూ? నేను చూళ్లేదనుకున్నావా?”

ఎలీయాజరు చేతులు ఆగిపోయాయి. తన ఒంటరితనాన్ని వాడు చూశాడు. ఆరేళ్లూ చూస్తూనే ఉన్నాడు. ఆ మాట వింటే అతనికి ఎంత ఆశ పుట్టిందో చెబితే మీరు అతన్ని తక్కువగా చూస్తారేమో, అయినా చెప్పాలి. నూనె పొయ్యకుండా ఉండటానికి ఏమీ చెయ్యనక్కర్లేదు. ఊరుకుంటే చాలు. ఊరుకుంటే రేపు పొద్దున కథలు, పాటలు, భుజం మీద ఆముదం, పక్కన కూర్చునే మనిషి.

“అచ్చమ్మ సంగతో?” అన్నాడు చివరికి.

“ఆవిడ ఒక్కతే కదా,” అన్నాడు ప్రభుదాసు. అన్నాక తన మాటకు తనే సిగ్గుపడినట్టు లేచి నిలబడ్డాడు.

ఎలీయాజరు రెండు గాలన్ల డబ్బా దగ్గరకు జరిగి మూత తీశాడు. నూనె డబ్బా వంచి సోల నిండా పోశాడు, పెట్రోల్లో కుమ్మరించాడు. మళ్లీ నింపి రెండో సోల కుమ్మరించాడు. కొత్త ఇనుముకు కొంచెం ఎక్కువ కావాలని పైన ఇంకో గిద్దెడు పోశాడు. మూత బిగించి డబ్బాను చాలాసేపు ఊపాడు. మోటారులో పోసి, తాడు చుట్టి లాగాడు. మొదటి లాగుడుకే అందుకుంది. నీలం పొగ గట్టు మీదికి పాకింది. అతను తిరిగి చూసేసరికి ప్రభుదాసు గడ భుజాన వేసుకుని వెళ్లిపోతున్నాడు.

మర్నాడు డాక్టరమ్మ దగ్గరికి పోయి చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ఆరేళ్లలో తనకంటూ ఏమీ అడగనివాడు, అడిగాడు. రెక్కకు నాచు చుట్టుకుంటోందనీ, మోటారు ఆగితే తొయ్యడానికి ఒక మనిషి ఉంటే అచ్చమ్మ గతి ఇంకొకరికి పట్టదనీ చెప్పాడు. ఆవిడ ఆలోచించి, “ఒక్కరైతే సరే. ఎవరు?” అంది.

“ప్రభుదాసండమ్మగారూ.”

ఆ సాయంత్రమే పేటలో ప్రభుదాసు ఇంటికి నడిచాడు. దారంతా చెప్పబోయే మాటలు కూడబలుక్కున్నాడు. చిన్నప్పుడు ఆ గుమ్మంలోకి అడుగుపెట్టి కుండలో అన్నం తనే పెట్టుకుని తిన్నవాడు, గుమ్మం బయట ఆగి పిలిచాడు. ప్రభుదాసు వచ్చాడు. ఎలీయాజరు గబగబా అంతా చెప్పేశాడు. పని కుదిరిందనీ, రేపటి నుంచే రావచ్చనీ, ముందు వైపు కాదు, వెనక తన పక్కనే కూర్చోవచ్చనీ.

ప్రభుదాసు పూర్తిగా విన్నాడు. మొహంలో కోపం లేదు. ఉంటే బాగుండేది.

“వద్దండీ,” అన్నాడు. “విశ్వాసం, కృపావరం ఏమైపోతారండీ? నేను ఒక్కణ్నే ఎక్కలేనండీ.” లోపలికి తిరిగి భార్యను కేకేశాడు. “కనకమ్మా, పీట తెచ్చి వెయ్యి. ఎలీయాజరు గారొచ్చారు. మంచినీళ్లు ఇయ్యి.”

కనకమ్మ పీట వాల్చి, తోమిన చెంబుతో నీళ్లు తెచ్చి, అతిథికి ఇచ్చినట్టు రెండు చేతులతో ఇచ్చింది. ప్రభుదాసు నిలబడే ఉన్నాడు. ఎలీయాజరు పీట మీద కూర్చుని ఆ నీళ్లు చివరి దాకా తాగాడు. చెంబు కింద పెట్టాడు. లేచి పైపంచె సర్దుకున్నాడు.

“వస్తానండీ ప్రభుదాసు గారూ,” అన్నాడు.